దక్షిణ ఐరోపాలో నడక సెలవులు: మే నెలా, సెప్టెంబరా?

మెట్లదారి
హైదరాబాదు నుంచి మేము ముగ్గురం, అంటే నేను, మావారు, ఏడో తరగతి చదివే అమ్మాయి, వచ్చే ఏడాది దక్షిణ ఐరోపాలో ఎక్కడో ఒకచోట పది పన్నెండు రోజులు నడవాలని అనుకుంటున్నాం. గుడారాలు, బరువుల మోతలు వద్దు. రోజూ కొంత దూరం నడిచి, సాయంత్రానికి ఒక ఊరు చేరి, స్నానం చేసి, కడుపునిండా తిని పడుకోవాలి. సముద్రం కనిపిస్తే ఇంకా మంచిది. ఇంతవరకూ ఇంట్లో గొడవ లేదు. గొడవంతా ఎప్పుడు వెళ్ళాలన్న దగ్గరే. టికెట్లు చూసే ట్రావెల్ ఏజెంటు జూలై తప్ప వేరే నెల వద్దంటాడు, ఐరోపా అంతా అప్పుడే బయటికి వస్తుందట. మావారి స్నేహితుడు సెప్టెంబరు తప్ప వేరే మాట ఎత్తవద్దంటాడు. అమ్మాయి బడికి సెలవులేమో ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం వరకు, మళ్ళీ దసరాకు కొన్ని రోజులు. గ్రీసా, ఇటలీయా, స్పెయినా అన్నది ఇంకా అనుకోలేదు. నెల తేలితే దేశం దానంతట అదే తేలుతుందని నా ఆశ. చూసి వచ్చినవాళ్ళు కాదు, నడిచి వచ్చినవాళ్ళు చెప్పండి.

పిక్కబలం
ముందు ఆ ఏజెంటు మాట పక్కన పెట్టండి. జూలైలో ఐరోపా అంతా బయటికి వచ్చేది నడవడానికి కాదు, సముద్రం ఒడ్డున పడుకోవడానికి. స్పెయిన్‌లోని సెవిల్‌లో జూలై, ఆగస్టుల్లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటునే 36 డిగ్రీలు. సగటే అంత అంటే దానికి పైన పోయే రోజులు బోలెడన్నమాట. 2021 ఆగస్టు 11న సిసిలీలో సిరక్యూస్ దగ్గర 48.8 నమోదైంది, ఐరోపా ఖండానికి అదే రికార్డు. గ్రీసులో వడగాడ్పుల రోజుల్లో ఏథెన్స్‌లోని అక్రోపొలిస్ గుట్టనే మధ్యాహ్నం మూసేస్తున్నారు. 2024లో అక్కడి దీవుల్లో నడకకు బయలుదేరిన పర్యాటకులు కొందరు ఎండకు చనిపోయారు. అది జూలై కూడా కాదు, జూన్.

నా ఓటు సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు మూడో వారం వరకు. ఎండ దిగుతుంది, జనం పలచబడతారు, వేసవంతా కాగిన సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. మీ దసరా సెలవులకు సరిగ్గా సరిపోతుంది.

గోదారిగట్టు
రోహిణి కార్తెలో రెంటచింతల రోడ్డు మీద నడిచినట్టు నడవడానికి గ్రీసు దాకా పోవడం ఎందుకమ్మా? పల్నాడు బస్సెక్కితే వీసా కూడా అడగరు.

తేనెతుట్టె
పిక్కబలం గారు జూలై గురించి చెప్పింది నిజమే. సెప్టెంబరు గురించి చెప్పింది సగం నిజం. మే దాటాక సరైన వాన చుక్క పడని కొండ సెప్టెంబరుకు ఎలా ఉంటుందో ఆయన చెప్పలేదు. దుమ్ము, ముళ్ళు, మాడిపోయిన గడ్డి. చిన్న చిన్న ఊటలు ఇంకిపోయి ఉంటాయి, దారి పటంలో నీటి గుర్తు కనిపించినా అక్కడ నీళ్ళుంటాయన్న నమ్మకం లేదు. అదే కొండను ఏప్రిల్ నెలాఖరులో చూడండి. పొలాల గట్ల మీద ఎర్రటి గసగసాల పూలు, ఆలివ్ చెట్ల కింద పసుపు చామంతులు, అడుగు పడినచోటల్లా అడవి వాము వాసన. గ్రీసు దక్షిణాన ఉన్న క్రీట్ దీవిలో అయితే మార్చి, ఏప్రిల్ నెలల్లో నేల మీద పూసే ఆర్కిడ్లు వెతుక్కుంటూ మోకాళ్ళ మీద పాకే మనుషులు కనిపిస్తారు. నేను లండన్ నుంచి వెళ్ళేది అందుకే.

ఇంకొకటి, పగటి వెలుగు. మే మధ్యలో రాత్రి ఎనిమిది దాటినా చూపు ఆనుతుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజు నుంచే అయిదున్నరకే చీకటి. పిల్లతో నెమ్మదిగా నడిచేవాళ్ళకు ఆ రెండు మూడు గంటల తేడా చాలా పెద్దది.

పిక్కబలం
పూలు ఫొటోల్లో చూసుకోవచ్చు. మే నెలలో క్రీట్ సముద్రం ఇరవై డిగ్రీలకు అటూ ఇటూ, అక్టోబరులో దానికంటే మూడు డిగ్రీలకు పైగా వెచ్చన. రోజంతా నడిచిన అమ్మాయిని ఆ చల్లటి నీళ్ళలో దిగమనండి, ఏమంటుందో చూద్దాం.

తేనెతుట్టె
ఆవిడ అడిగింది నడక గురించి. ఈత గురించి ఎవరైనా అడిగినప్పుడు మొదటి జవాబు మీకే వదిలేస్తాను.

లెక్కలమాస్టారు
ఇద్దరూ దక్షిణ ఐరోపా అంతా ఒకే మైదానమైనట్టు పోట్లాడుకుంటున్నారు. కాస్త లెక్క చూద్దాం.

మనకు ఎండాకాలం వెనుకే వానలు వచ్చి నేల చల్లబడుతుంది. మధ్యధరా చుట్టూ ఆ ఏర్పాటు లేదు. అక్కడ వేసవి పొడి కాలం, వాన చలికాలానిది. కాబట్టి జూన్‌లో మొదలైన ఎండకు సెప్టెంబరు దాకా అడ్డు ఉండదు. ఆ పొడి కాలానికి రెండు కొసల్లో కొన్ని వారాలు నడకకు బాగుంటాయి. ఆ వారాలు ఎప్పుడు పడతాయన్నది తేదీని బట్టి కాదు, ఎత్తును బట్టి. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. క్రీట్ దక్షిణపు ఒడ్డున ఏప్రిల్‌లో చొక్కా చేతులు మడిచి నడుస్తుంటే, అదే దీవిలో తెల్లకొండల శిఖరాల మీద మంచు మేలో కూడా మిగిలి ఉంటుంది.

నా మోటు లెక్క ఇది. సముద్రమట్టం దగ్గర దారులకు ఏప్రిల్, మే, అక్టోబరు. వెయ్యి, పదిహేను వందల మీటర్ల దగ్గర మే చివర, జూన్, సెప్టెంబరు. రెండు వేలు దాటితే జూలై నుంచి సెప్టెంబరు సగం దాకా. మెట్లదారి గారూ, నెల తేలితే దేశం తేలుతుందన్నారు. దేశం కాదు, ముందు ఎత్తు తేలుతుంది.

మెట్లదారి
ఇది మావారికి చదివి వినిపించాను. "అయితే జూలైలో కూడా వెళ్ళవచ్చన్నమాట" అన్నారు. ఆయనకు కావలసింది ఆయనకు వినిపించింది.

కొండగాలి
తప్పేముంది, వెళ్ళవచ్చు. నేను ఏటా ఆగస్టులోనే నడుస్తాను, ఉత్తర ఇటలీలోని డోలమైట్స్ కొండల్లో. అక్కడి కొండ సత్రాలు సుమారు జూన్ 20 నుంచి సెప్టెంబరు 20 వరకే తెరిచి ఉంటాయి. మే నెలలో వెళ్తే తలుపులకు తాళాలు, కనుమల్లో మంచు. బ్రాయెస్ సరస్సు దగ్గర మొదలయ్యే ఆల్తా వియా 1 అనే దారి సుమారు 120 కిలోమీటర్లు, మధ్యాహ్నం కూడా చల్లటి గాలి. ఒక్కటే షరతు, పొద్దున్నే బయలుదేరి రెండు గంటలకల్లా సత్రం చేరాలి. ఆ తర్వాత ఉరుములు, పిడుగులు. ఆగస్టు 15 ఇటలీలో పెద్ద సెలవు, ఆ వారం పడకలు దొరకడం కష్టం, నెలల ముందు చెప్పి పెట్టుకోవాలి.

దూరపుకొండలు
కొండల్లో ఆగస్టు అంటే క్షేమం అనుకోవద్దు. 2022 ఆగస్టు 18 ఉదయం ఫ్రాన్స్ దీవి కోర్సికా మీద విరుచుకుపడిన తుపానులో గాలి గంటకు 220 కిలోమీటర్లు దాటింది. అక్కడి కొండల మీదుగా పోయే జీఆర్20 నడకదారి మీద వందలమంది గుడారాల్లో ఉన్నారప్పుడు.

ఇక సెప్టెంబరు, అక్టోబరు భక్తులకు కొన్ని తేదీలు. 2011 అక్టోబరు 25, ఇటలీ తీరంలోని చింక్వే తెర్రెలో వెర్నాజ్జా, మొంతెరొస్సో ఊళ్ళు బురదలో కూరుకుపోయాయి. 2023 సెప్టెంబరు మొదటి వారం, డేనియల్ తుపాను, గ్రీసులో థెస్సలీ మైదానం మొత్తం చెరువైంది. 2024 అక్టోబరు 29, స్పెయిన్‌లో వలెన్సియా వరద, రెండు వందలకు పైగా మరణాలు. పిక్కబలం గారు చెప్పిన వెచ్చటి సముద్రమే దీనికి మూలం. వేసవంతా కాగిన నీటి మీదికి పైనుంచి చల్లగాలి దిగితే జరిగేది ఇదే.

పిక్కబలం
దూరపుకొండలు గారి పేరు చూస్తే సరదా మనిషి అనిపిస్తుంది, రాత చూస్తే వాతావరణ శాఖ హెచ్చరిక చదివినట్టుంటుంది. ఆ తేదీలు నిజమే, కాదనను. అయితే అవి ఏడాదంతటిలో కొన్ని రోజులు. హెచ్చరిక ముందే వస్తుంది. చింక్వే తెర్రె ఉన్న లిగూరియాలో నారింజ రంగు హెచ్చరిక వచ్చిందంటే దారులు మూసేస్తారు, మీరు ఆ పూట రైలెక్కి జెనోవాలో కాఫీ తాగుతారు. జూలై ఎండకు అలాంటి విరామం ఉండదు, అది రోజూ ఉంటుంది.

ఇంకో మాట. శరదృతువు వానలు అన్నిచోట్లా ఒకేసారి దిగవు. లిగూరియా, అయోనియన్ దీవులు, అంటే పడమటి వైపు, ముందు తడుస్తాయి. ఏజియన్ దీవులు, క్రీట్ బాగా ఆలస్యం. అక్టోబరులో నడవాలంటే తూర్పుకు, దక్షిణానికి పొండి. అంతే.

తేనెతుట్టె
ఈసారి ఆయనతో ఏకీభవిస్తున్నాను. ఎవరైనా తేదీ రాసి పెట్టుకోండి.

చద్దిమూట
ఎవరూ తిండి గురించి మాట్లాడలేదు కాబట్టి నేను. మీరు శాకాహారులైతే గ్రీసుకు పోవలసింది ఈస్టరు ముందు వారాల్లో. వాళ్ళ పెద్ద ఉపవాసం అప్పుడు నడుస్తూ ఉంటుంది, మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టరు. పల్లెటూరి హోటల్లో కూడా ఉపవాసపు వంటలు అడిగితే పెడతారు. పసుపు బఠాణీ పప్పు ఉడికించి ఆలివ్ నూనె పోసి ఇచ్చే ఫావా, టమాటాలో మగ్గిన పెద్ద చిక్కుడు గింజలు, కొండల్లో కోసుకొచ్చిన ఆకుకూరల ఉడుకు, ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం. పడమటి ఈస్టరు, వాళ్ళ ఈస్టరు చాలా ఏళ్ళలో వేరు వేరు తేదీల్లో వస్తాయి, చూసుకోండి. 2027లో వాళ్ళది మే 2.

గోదారిగట్టు
ఉపవాసం అంటే నమ్మి నోరు తెరిచేరు. ఆక్టోపస్, రొయ్య ఆ ఉపవాసానికి అడ్డు రావు. మా అల్లుడు "ఉపవాసపు పళ్ళెం" అని తెప్పించుకుంటే ఎనిమిది కాళ్ళు వచ్చాయి. గోదావరి జిల్లా వాడు కాబట్టి సరిపోయింది.

చద్దిమూట
నిజమే, అది రాయడం అవసరం. రక్తం లేని సముద్రపు జీవాలు చెల్లుతాయని వాళ్ళ లెక్క. మాంసం వద్దని కాదు, సముద్రపు జీవాలు కూడా వద్దని విడిగా చెప్పండి.

ఇసుకబాట
నేను పోర్చుగల్‌లో ఉంటాను. అందరూ మధ్యధరా చుట్టూ తిరుగుతున్నారు, అట్లాంటిక్ వైపు ఎవరూ రాలేదు. అలెంతేజు తీరం వెంట రొటా విసెంటినా అనే దారుల వ్యవస్థ ఉంది. అందులో జాలర్ల బాట అన్నది అచ్చంగా కొండ అంచున, కుడిచేతి వైపు సముద్రం పెట్టుకుని దక్షిణానికి పోతుంది. మీకు కావలసినట్టే రోజూ ఒక ఊళ్ళో తేలుతారు. పోర్తు కోవు నుంచి విలా నోవా ద మిల్‌ఫోంతెస్‌కు సుమారు 20 కిలోమీటర్లు, అక్కడి నుంచి అల్మొగ్రావ్‌కు సుమారు 15. సంచులు తర్వాతి ఊరికి బండిలో చేర్చేవాళ్ళున్నారు.

దారి నడిపేవాళ్ళే సెప్టెంబరు నుంచి జూన్ వరకు నడవమంటారు, జూలై, ఆగస్టులు వదిలేయమంటారు. అందులో వసంతానికి ఒక ప్రత్యేకత ఉంది. తెల్ల కొంగలు, ఇంగ్లీషులో వైట్ స్టార్క్ అనేవి, సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాల మీద గూళ్ళు కడతాయి. సర్దావు అంతరీపం దగ్గర కాళ్ళ కిందే గూడు, గూట్లో పిల్లలు, కింద అలలు. ఏప్రిల్, మేలో వెళ్తే పిల్లలను మేపడం చూస్తారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. మొదటి రోజుల్లో చాలాచోట్ల మెత్తటి ఇసుక. ఇసుకలో 20 కిలోమీటర్లు అంటే పక్కా దారిలో ముప్ఫైకి సమానంగా అలిసిపోతారు. గాలి ఉత్తరం నుంచి వీస్తుంది, అందుకే ఉత్తరం నుంచి దక్షిణానికి నడవాలి, వీపు మీద తోస్తుంది. ఎదురు నడిచేవాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తుంది. ఇక ఈత సంగతి, పిక్కబలం గారికి నచ్చదు. ఇక్కడి సముద్రం ఏ నెలలోనూ వెచ్చగా ఉండదు.

కొండగాలి
పన్నెండేళ్ళ పిల్లకు ఇసుకలో ఇరవై అంటే ఎక్కువ కాదా?

ఇసుకబాట
ఎక్కువే. మిల్‌ఫోంతెస్ నుంచి మొదలుపెట్టి, పెద్ద మజిలీలను మధ్యలో టాక్సీతో సగం చేసుకోవచ్చు. మా వాళ్ళు అలాగే చేశారు. ఎవరూ వచ్చి అడగరు, పరీక్ష కాదు కదా.

నిదానం
మోకాళ్ళు అరిగినవాడి మాట కూడా వినండి. నాకు ఫిబ్రవరి ఇష్టం. స్పెయిన్ దీవి మయోర్కాలో జనవరి చివర, ఫిబ్రవరిలో బాదం చెట్లు పూస్తాయి, మైదానం తెల్లగా, గులాబీగా ఉంటుంది. ట్రముంటానా కొండల్లో రాళ్ళు పేర్చి కట్టిన పాత బాటలు, వాటి మీదుగా జీఆర్221 అనే నడకదారి పోతుంది. ఆ కొండల సాగు భూమికి 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఎండ లేదు, చెమట లేదు, ముందు నడిచేవాడి వీపు లేదు. ఒడ్డున ఉన్న హోటళ్ళు చాలా మూసి ఉంటాయి, సోయెర్‌లోనో పల్మాలోనో బస పెట్టుకుని బస్సులో వెళ్ళి నడిచి రావడమే. వాన పడితే ఆ రోజుకు పుస్తకం.

పిక్కబలం
నిదానం గారూ, పగలు పదిన్నర గంటలు.

నిదానం
నా నడక నాలుగు గంటలు. మిగతా ఆరున్నర కాఫీకి.

మెట్లదారి
ఫిబ్రవరి బడి ఒప్పుకోదు, లేకపోతే నిదానం గారి వెనకే నడిచేదాన్ని. ఇంతవరకు అర్థమైనది: బడి సెలవుల్లోనే వెళ్ళాలంటే మే, అంటే సముద్రమట్టం దగ్గర దారులు. క్రీట్, పోర్చుగల్, ఇటలీ తీరం. చింక్వే తెర్రెలో నడక గురించి ఎవరూ చెప్పలేదు, మా అమ్మాయికి ఆ రంగుల ఇళ్ళ ఫొటో పిచ్చి పట్టింది.

తేనెతుట్టె
చింక్వే తెర్రె బాగుంటుంది, కానీ అది నడక సెలవు కాదు, రద్దీలో నడక. ఏప్రిల్ 25, మే 1, జూన్ 2, ఈ మూడూ ఇటలీ వాళ్ళ సెలవులు, వాటి చుట్టుపక్కల రోజుల్లో రైలు తలుపు దగ్గర నిలబడడానికి చోటుండదు. రియోమాజ్జోరే, మనరోలా మధ్య ఉన్న వియా దెల్ అమోరే 2012లో రాళ్ళు పడి మూతబడి, 2024లో తెరుచుకుంది, దానికి ముందుగా సమయం తీసుకోవాలి. మొంతెరొస్సో నుంచి వెర్నాజ్జా ముక్క అసలైన నడక, మెట్లు బాగా ఉన్నాయి. మీ పేరుకు సరిపోతుంది. పొద్దున్న మొదటి రైలుకు వెళ్ళి పదింటికల్లా ముగించగలిగితేనే వెళ్ళండి. ఫొటో కోసం ఒక పూట చాలు, సెలవంతా అక్కడ పెట్టవద్దు.

లెక్కలమాస్టారు
ఇటలీలో శరదృతువుకు వెళ్ళేవాళ్ళకు ఒక సంగతి. సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి జనవరి చివరి వరకు వేట కాలం. మంగళ, శుక్రవారాల్లో వేట నిషేధం. అడవి దారులు ఆ రెండు రోజులకు పెట్టుకుని, మిగతా రోజుల్లో మెరిసే రంగు చొక్కా వేసుకోండి. అడవి పంది రంగు చొక్కాలు ఇంట్లో వదిలేయండి.

గోదారిగట్టు
మంగళవారం ప్రయాణం వద్దని మా అమ్మమ్మ అనేది. ఇటలీ పోతే మంగళవారమే మంచిదన్నమాట.

కొండగాలి
దక్షిణ ఫ్రాన్స్ కూడా ఒక మాట. మార్సే పక్కన కలాంక్‌లు, సున్నపురాయి కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు అగ్ని ప్రమాదాన్ని బట్టి రోజూ రంగు ప్రకటిస్తారు, ముందు రోజు సాయంత్రం తెలుస్తుంది. ఎరుపు వస్తే కొండలోకి రానివ్వరు. వేసవిలో అక్కడికి నెలల ముందు ప్రణాళిక వేసుకుని వెళ్ళడం జూదమే. మే అయితే ఆ బాధ లేదు.

మెట్లదారి
క్రీట్‌లో సమరియా లోయ గురించి మావారు ఎక్కడో చదివారు. పిల్లతో సాధ్యమా? మేలో తెరిచి ఉంటుందా?

తేనెతుట్టె
దీనికి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే దాని గురించి చాలామంది "దిగడమే కదా" అంటారు. మామూలుగా మే 1 ప్రాంతంలో తెరిచి అక్టోబరు చివర మూస్తారు. చలికాలంలో ఆ ఇరుకులోకి కొండల నీరంతా దూకుతుంది, అందుకే మూత. వాగు ఎక్కువగా పారుతుంటే తెరవడం ఇంకా ఆలస్యం కావచ్చు, వేసవిలో ఎండ మరీ మండినా, వాన సూచన ఉన్నా ఆ రోజుకు మూసేస్తారు.

ఒమాలోస్ దగ్గర సుమారు 1,200 మీటర్ల ఎత్తున మొదలవుతుంది. పొద్దున్న అక్కడ చలి, స్వెట్టరు కావాలి. మొదటి గంటే అసలు కష్టం, రాతి మెట్ల దారిలో నిలువునా దిగాలి, మోకాళ్ళు వణుకుతాయి. తర్వాత పైన్ చెట్ల నీడ, వాగు పక్కన నడక, ఊటల దగ్గర తాగే నీళ్ళు. ఖాళీ అయిన సమరియా ఊరు దాటాక గోడలు దగ్గరికి వస్తాయి. ఇనుప తలుపులు అనే చోట రెండు గోడల మధ్య నాలుగు మీటర్లకు మించదు, ఎత్తు మాత్రం సుమారు 300 మీటర్లు. మొత్తం 16 కిలోమీటర్లు నడిచి అజియా రూమెలిలో సముద్రం దగ్గర తేలుతారు. ఆ ఊరికి రోడ్డు లేదు. పడవలో సూజియాకో, ఖోరా స్ఫకియోన్‌కో చేరి బస్సు పట్టుకోవాలి. అంటే మధ్యలో "ఇక నావల్ల కాదు" అనడానికి వీల్లేదు.

రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు అలవాటున్న పన్నెండేళ్ళ పిల్ల దిగగలదు. మడమ జారని బూట్లు ఉండాలి, అవి ముందే కొన్ని వారాలు వేసుకుని ఉండాలి. మే మొదటి రెండు వారాలు అన్నిటికంటే బాగుంటుంది, వాగులో నీరు, పైన మంచు, పూలు అన్నీ ఉంటాయి. సందేహంగా ఉంటే దగ్గరలోనే ఇంబ్రోస్ లోయ ఉంది, సమరియాలో సగం దూరం. ముందు అది నడిపించి చూడండి.

పిక్కబలం
రాత్రికి అజియా రూమెలిలోనే ఉండిపొండి. చివరి పడవ వెళ్ళాక ఆ ఊళ్ళో మిగిలేది పదుల మందే. మర్నాడు ఒడ్డు వెంట తూర్పుకు నడిస్తే లూత్రో, అది కూడా రోడ్డు లేని ఊరే. దారిలో సముద్రం పక్కన రాతితో కట్టిన సెయింట్ పాల్ చిన్న గుడి. లూత్రో దాటి ఇంకా తూర్పుకు నడిస్తే గులకరాళ్ళ ఒడ్డున నేలలోంచి మంచినీళ్ళు ఊరే చోటు. ఆ దారికి నీడ తక్కువ, అందుకే అది మేకో అక్టోబరుకో తప్ప పనికిరాదు. మే అని నేనే రాశాను, తేనెతుట్టె గారు ఇది కూడా రాసి పెట్టుకోవచ్చు.

దూరపుకొండలు
వసంతంలో రెండు చికాకులు ఎవరూ చెప్పలేదు. ఒకటి, ఆఫ్రికా దుమ్ము. క్రీట్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో దక్షిణపు గాలి వీస్తే ఆకాశం నారింజ రంగుకు తిరుగుతుంది, ఒకటి రెండు రోజులు కొండలు కనిపించవు. ఉబ్బసం ఉన్నవాళ్ళు జాగ్రత్త. రెండు, పైన్ చెట్ల గొంగళి పురుగులు. చలికాలం చివర నుంచి ఏప్రిల్ దాకా ఒకదాని వెనక ఒకటి వరుసగా నేల మీద పాకుతాయి. చూడడానికి సరదాగా ఉంటాయి కాబట్టి పిల్లలు ముట్టుకుంటారు. వాటి నూగు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు.

మెట్లదారి
మేకు అవి పోతాయా?

దూరపుకొండలు
చాలావరకు మట్టిలోకి దిగిపోతాయి. దుమ్ము కూడా తగ్గుతుంది. మే నెల మీద నాకు చెప్పడానికి చెడ్డ మాట దొరకడం లేదు, వెతుకుతున్నాను.

వీసారాయుడు
వెతకనక్కరలేదు, నేను ఇస్తాను. మే నెలకు చెడ్డ మాట వీసా అపాయింట్‌మెంటు. వేసవి సెలవులకు అందరూ ఒకేసారి కదులుతారు, మార్చిలో మొదలుపెడితే తేదీలు దొరక్క ఏడుపు. ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. మేకు వెళ్ళేవాళ్ళు డిసెంబరు, జనవరిలోనే పని మొదలుపెట్టండి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు. పెద్దలకు రుసుము 90 యూరోలు, 2024 జూన్‌లో 80 నుంచి పెంచారు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. కొండ దారుల నడక బీమాలో ఉందో లేదో చదవండి, చాలా బీమాలు ఎత్తుకు పరిమితి పెడతాయి. నడక యాత్ర కాబట్టి రోజుకో ఊళ్ళో బస ఉంటుంది, ప్రతి రాత్రికీ గది కాగితం పెట్టండి. మధ్యలో ఒక రాత్రి ఖాళీ ఉంటే ప్రశ్నలు వస్తాయి.

దూరపుకొండలు
ధన్యవాదాలు. నాకు ప్రశాంతంగా ఉంది.

ఇసుకబాట
ఓడిపోయినా ఒక మాట. స్పెయిన్, పోర్చుగల్ వైపు వస్తే ఒకటి గుర్తుంచుకోండి. స్పెయిన్ గడియారం సూర్యుడి కంటే బాగా ముందుంటుంది. వేసవిలో అక్కడ ఎండ మండేది మధ్యాహ్నం పన్నెండుకు కాదు, సాయంత్రం అయిదుకు. "నాలుగు దాటింది కదా, చల్లబడుతుంది" అని బయలుదేరే మనవాళ్ళను చాలామందిని చూశాను.

మెట్లదారి
నిన్న రాత్రి ఇంట్లో సభ జరిగింది. క్రీట్, మే రెండో వారం. హానియాలో దిగి, ఇంబ్రోస్, తర్వాత సమరియా, అజియా రూమెలిలో రాత్రి, ఒడ్డు వెంట లూత్రో. చివర్లో రెండు రోజులు ఏమీ చేయకుండా ఉండడానికి అమ్మాయి అనుమతి తీసుకుంది. మావారు నీళ్ళు చల్లగా ఉంటాయని గొణిగారు, ఆయన పిక్కబలం గారి పక్షం. ఏజెంటుకు ఫోను చేసి మే అని చెప్తే "అప్పుడు అక్కడ ఏముంటుంది మేడం, ఎవరూ ఉండరు" అన్నాడు.

గోదారిగట్టు
మొదటిసారి పనికొచ్చే మాట చెప్పాడు.

నిదానం
సమరియా తర్వాతి రోజు నడక పెట్టుకోవద్దు. ఆ దిగుడుకు పిక్కలు మర్నాడు పట్టేస్తాయి, పాతికేళ్ళ వాళ్ళు కూడా అజియా రూమెలి మెట్లు వెనక్కి తిరిగి దిగుతుంటారు. లూత్రోకు పడవలో వెళ్ళి, అక్కడ బస పెట్టుకుని, కాళ్ళు వచ్చాక నడవండి. ఒక రాత్రిని రెండు చేయండి, వీసారాయుడు గారు చెప్పిన కాగితం కూడా రెండు రాత్రులకు.

మెట్లదారి
రెండు చేశాను. గది యజమానికి రాస్తే, మే రెండో వారానికి ఇంకా ఎవరూ అడగలేదు, మీకు నచ్చిన గది చెప్పండి అని జవాబిచ్చింది.

కాలిబాట
ఇదే చర్చలో అడగవచ్చా? నాకు అక్టోబరులోనే సెలవు దొరుకుతుంది. స్పెయిన్‌లో శాంటియాగోకు పోయే క్రైస్తవ యాత్రా మార్గంలో చివరి వంద కిలోమీటర్లు నడవాలని ఉంది. ఆలస్యమా?

పిక్కబలం
ఆలస్యం కాదు, ఆ చివరి ముక్క ఉన్నది వానల సీమ గలీసియాలో కాబట్టి వాన కోటు తప్పనిసరి. నెల మొదటి సగంలో వెళ్ళండి. నెలాఖరున గడియారాలు వెనక్కి తిప్పే ముందు రోజుల్లో అక్కడ ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లవారదు, తలదీపం పెట్టుకుని బయలుదేరాలి. మిగతాది వేరే చర్చ మొదలుపెట్టి అడగండి. 2027 అక్కడ పవిత్ర సంవత్సరం, అంటే సెయింట్ జేమ్స్ పండుగ ఆదివారం పడే ఏడాది, జనం రెట్టింపు అవుతారా లేదా అని పోట్లాడుకోవడానికి మాకు చోటు కావాలి.

తేనెతుట్టె
అవుతారు.

పిక్కబలం
వేరే చర్చలో అన్నాను కదండీ.